మందుల చీటీలో కనిపించని పేరు... యల్లాప్రగడ సుబ్బారావు
భీమవరంలో పుట్టి, అమెరికాలో క్యాన్సర్‌ చికిత్సకు దారి వేసిన వైద్య శాస్త్రవేత్త జీవితగాథ

భీమవరం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణి చేతికి అందే ఐరన్‌ ఫోలిక్‌ మాత్ర. బోదకాలు సోకకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర. రక్త క్యాన్సర్‌ సోకిన పసివాడికి పెద్దాసుపత్రిలో ఇచ్చే మెథోట్రెక్సేట్‌. చూడడానికి ఒకదానితో ఒకటి పొంతన లేని మందులివి. ఈ మూడూ ఒకే పరిశోధనశాలలో, కొద్ది సంవత్సరాల వ్యవధిలో రూపుదిద్దుకున్నాయి. న్యూయార్క్‌ రాష్ట్రంలోని పెర్ల్‌ రివర్‌ అనే చిన్న ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాల అది. దాని పరిశోధన విభాగానికి సారథ్యం వహించినవారు తెలుగువారు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు ఆయన.

ఆయన పేరు వినని విద్యావంతుడు జిల్లాలో అరుదు. అయితే ఆయన చేసిన పని ఏమిటన్న ప్రశ్నకు మాత్రం తరచుగా తప్పు జవాబులే వినిపిస్తుంటాయి. ఆయన చేయని వాటిని ఆయనకు అంటగట్టడం, చేసిన వాటిని మరచిపోవడం రెండూ జరుగుతున్నాయి. నిజానికి ఆయన చేసిన పనికి అతిశయోక్తులు జోడించవలసిన అవసరం ఏమాత్రం లేదు.

కాశీ బాట పట్టిన బాలుడు

తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగోవారు. అనారోగ్యం వల్ల తండ్రి ముందుగానే ఉద్యోగం నుంచి విరమించుకోవడంతో ఇంటిని పేదరికం ఆవరించింది. బాల్యం ఎక్కువగా రాజమండ్రిలో గడిచింది. చదువుపై ఆయనకు మొదట్లో శ్రద్ధ లేదు. డబ్బు సంపాదించాలన్న తపన మాత్రం మెండుగా ఉండేది. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలన్నది ఆయన ఊహ. తల్లి ఆయనను వెనక్కు రప్పించి, తిరిగి బడిలో కూర్చోబెట్టారు.

మెట్రిక్యులేషన్‌ గట్టెక్కడానికి ఆయనకు మూడు ప్రయత్నాలు పట్టాయి. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి ఉత్తీర్ణులయ్యారు. ఆ చదువు ఒక దరికి చేరకముందే తండ్రి కన్నుమూశారు. ఫీజుల కోసం వెంకమ్మ తన ఒంటిమీది నగలు అమ్మారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్‌ చదువుతున్న రోజుల్లో సుబ్బారావు మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం స్వీకరించాలని తలపోశారు. తల్లి అందుకు ససేమిరా అన్నారు. మఠంలోని పెద్దలు సైతం వైద్యవిద్య నేర్చి రోగులకు సేవ చేయడమే మేలని ఆయనకు నచ్చజెప్పారు. ఆ విధంగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

ఖద్దరు గౌను ఖరీదు

అవి గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమోగుతున్న రోజులు. విదేశీ వస్త్రాలను విడనాడిన సుబ్బారావు, శస్త్రచికిత్స గదిలో ధరించే గౌనును సైతం ఖద్దరుతో కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన ఆంగ్లేయుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా మిగిలిన పరీక్షలన్నింటిలో చక్కగా రాణించినా సుబ్బారావుకు ఎంబీబీఎస్‌ పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని చేసిన ప్రయత్నమూ ఫలించలేదు.

ఆ కాలంలోనే కుటుంబంపై పిడుగు పడింది. ఉష్ణమండల స్ప్రూ అనే వ్యాధితో అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి రోజుల తేడాతో మరణించారు. పేగులు ఆహారాన్ని గ్రహించలేకపోవడం, ఎడతెగని విరేచనాలు, నానాటికీ క్షీణించే రక్తం ఆ వ్యాధి లక్షణాలు. మన పల్లెల్లో సంగ్రహణి అని పిలిచే జబ్బుకు దగ్గరి పోలికలు గలది. వైద్యం చదువుతున్న వాడు ఇంట్లో ఉండి కూడా చేయగలిగింది ఏమీ లేకపోయింది. అప్పటికి దానికి మందే లేదు. సుబ్బారావు కూడా అదే వ్యాధి బారిన పడి, డాక్టర్‌ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని జీవితచరిత్రకారులు రాశారు. ఆ లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

1919 మే నెలలో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో ఆయనకు వివాహమైంది. అమెరికా వెళ్లి ఉష్ణమండల వ్యాధుల చికిత్స నేర్చుకుని రావాలన్న కోరికకు మామగారు అండగా నిలిచారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్‌ ధర్మసంస్థ ఆర్థిక సహాయం అందించింది. 1920వ దశకం ఆరంభంలో, ముప్పై ఏళ్లు నిండకముందే సుబ్బారావు ఓడ ఎక్కి బోస్టన్‌ నగరం చేరుకున్నారు. చదువు ముగియగానే వస్తానని భార్యకు చెప్పి వెళ్లారు.

రాత్రి ఆసుపత్రి పని... పగలు పాఠాలు

హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటు దొరికింది గానీ పొట్ట గడవడం కష్టమైంది. మద్రాసు పట్టాతో అక్కడ వైద్యం చేసే వీలు లేదు. పీటర్‌ బెంట్‌ బ్రిగమ్‌ ఆసుపత్రిలో ఆయన రాత్రిపూట పనివాడిగా చేరారు. వార్డుల్లో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడం వంటి పనులు చేస్తూ, పగలు తరగతులకు హాజరయ్యారు. డిప్లొమా చేతికొచ్చాక స్వదేశానికి తిరుగు ప్రయాణం కావలసిన మనిషి, జీవరసాయన శాస్త్ర విభాగం గుమ్మం ఎక్కారు. వ్యాధిని గెలవాలంటే ముందు శరీరంలో జరిగే రసాయన చర్యల గుట్టు తెలియాలన్నది ఆయన భావన. ఆ విభాగానికి ఆచార్యుడు ఒటో ఫోలిన్‌. సుబ్బారావును సైరస్‌ ఫిస్క్‌ అనే శాస్త్రవేత్త వద్ద పనిలో పెట్టారు.

ఫిస్క్, సుబ్బారావు ఇద్దరూ కలిసి సాధించిన తొలి విజయం 1925లో వెలువడింది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే తేలికైన పద్ధతి అది. నమూనాకు మాలిబ్డేట్‌ ద్రావణాన్ని, మరొక రసాయనాన్ని కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువైన కొద్దీ రంగు చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని బట్టి పరిమాణాన్ని లెక్కకట్టవచ్చు. ఫిస్క్‌–సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో స్థిరపడింది. కొన్ని తరాల పాటు జీవరసాయన శాస్త్రం చదివిన విద్యార్థులందరికీ అది సుపరిచితం. మద్రాసులో ఎంబీబీఎస్‌ దక్కని విద్యార్థి పేరు ఆ విధంగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

కండరంలో దాగిన శక్తి రహస్యం

ఆ పద్ధతే వారి చేతికి పనిముట్టు అయింది. కండరాన్ని పరీక్షించగా, అంతవరకూ ఎవరి దృష్టికీ రాని భాస్వర పదార్థం ఒకటి బయటపడింది. కండరం పనిచేసి అలసినప్పుడు అది విచ్ఛిన్నమవుతున్నది. విశ్రాంతి ఇవ్వగానే మళ్లీ తయారవుతున్నది. 1927లో వారు ప్రకటించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్‌. ఇంచుమించు అదే సమయంలో లండన్‌లో ఎగుల్టన్‌ దంపతులు కూడా ఆ ఆనవాళ్లను పసిగట్టారు. కండరం కదలికకు శక్తి లాక్టిక్‌ ఆమ్లం నుంచే వస్తుందన్న నాటి నమ్మకానికి ఈ ఆవిష్కరణతో బీటలు పడ్డాయి. ఆ కండర పరిశోధనలకే హిల్, మేయర్‌హాఫ్‌ అనే శాస్త్రవేత్తలు 1922 సంవత్సరపు నోబెల్‌ బహుమతిని అందుకుని ఉన్నారు.

1929లో ఫిస్క్, సుబ్బారావు మరో అడుగు ముందుకు వేశారు. అడినోసిన్‌ ట్రై ఫాస్ఫేట్‌... ఇంటర్మీడియట్‌ విద్యార్థులు ఏటీపీగా చదువుకునే పదార్థాన్ని కండరం నుంచి వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్‌ లోమన్‌ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నారు. ప్రతి జీవకణంలోనూ శక్తి చెలామణి అయ్యేది ఏటీపీ రూపంలోనే. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్‌ పీహెచ్‌డీ పట్టా లభించింది.

దక్కని పదవి

ఇంతటి ఆవిష్కరణలు చేసిన వారికి హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి దక్కాలి. ఆయనకు దక్కలేదు. ఏళ్ల తరబడి చిన్న హోదాల్లోనే కొనసాగారు. ఘనత ఎవరికి ఎంత అన్న పేచీ వస్తే తన వాటాను వదులుకోవడం ఆయన నైజం. ఫిస్క్‌ ఉద్యోగోన్నతికి ఆటంకం కలగకూడదని ఆవిష్కరణల్లో తన పాత్రను తగ్గించి చెప్పుకున్నారని జీవితచరిత్రకారులు పేర్కొన్నారు. అదే విభాగంలో యువకుడిగా పనిచేసి, తరువాతి కాలంలో 1988 నోబెల్‌ బహుమతి పంచుకున్న జార్జి హిచింగ్స్‌ మరొక సంగతి బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్క్‌ కారణంగా వెలుగు చూడలేదని, చాలాకాలం తర్వాత ఇతరులు వాటిని కొత్తగా కనుగొనవలసి వచ్చిందని ఆయన తెలియజేశారు.

1930వ దశకంలో సుబ్బారావు దృష్టి కాలేయం మీదకు మళ్లింది. ప్రమాదకరమైన రక్తహీనతతో బాధపడే రోగులకు కాలేయం తినిపిస్తే కోలుకుంటున్నారని బోస్టన్‌ వైద్యులు మైనాట్, మర్ఫీ నిరూపించి 1934లో నోబెల్‌ పొందారు. కాలేయంలో రోగిని బతికిస్తున్న పదార్థం ఏదన్నది మాత్రం ఎవరికీ తెలియదు. దానిని వెతికి పట్టడమే ధ్యేయంగా సుబ్బారావు ఏళ్లు గడిపారు. అన్నదమ్ముల మరణానికి మూలమైన రక్తక్షీణతకు జవాబు అక్కడే ఉందని ఆయన నమ్మకం. ఆ అన్వేషణకు విశ్వవిద్యాలయంలో తగిన వనరులు లేవు. 1940లో ఆయన హార్వర్డ్‌ను వీడి, అమెరికన్‌ సైనమిడ్‌ కంపెనీకి చెందిన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అనతికాలంలోనే పరిశోధన విభాగం పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి.

అన్నదమ్ములను బలిగొన్న వ్యాధికి మందు

ఫోలిక్‌ ఆమ్లం కథ నిజానికి మన దేశంలోనే మొదలైంది. బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే తీవ్ర రక్తహీనతను 1930 ప్రాంతంలో లూసీ విల్స్‌ అనే ఆంగ్ల వైద్యురాలు పరిశీలించారు. ఈస్ట్‌ సారం ఇస్తే వారు కోలుకుంటున్నట్లు గుర్తించారు. ఆ సారంలోని గుణకారి ఏదన్నది తేలకుండానే మరో పదేళ్లు గడిచాయి. 1941లో పాలకూర ఆకుల నుంచి తీసిన ఒక పదార్థానికి అమెరికా శాస్త్రవేత్తలు ఫోలిక్‌ ఆమ్లమని పేరు పెట్టారు.

దాని నిర్మాణాన్ని తేల్చి, కర్మాగారంలో తయారుచేసే మార్గం కనుగొనడం మిగిలింది. టన్నుల కొద్దీ ముడిసరుకు నుంచి చిటికెడు పదార్థం కూడా రాని పని అది. కాలేయంతోపాటు సూక్ష్మజీవులు పులియబెట్టిన ద్రవం నుంచి కూడా సుబ్బారావు బృందం దానిని వేరుచేసింది. స్టాక్‌స్టాడ్, హచింగ్స్, వాలర్‌ తదితర రసాయన శాస్త్రవేత్తలు ఈ బృందంలో ప్రముఖులు. 1945లో కృత్రిమంగా ఫోలిక్‌ ఆమ్లాన్ని తయారుచేసినట్లు వారు ప్రకటించారు. టామ్‌ స్పైస్‌ అనే అమెరికా వైద్యుడు దానిని ఉష్ణమండల స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. మంచానపడ్డ వారు లేచి కూర్చున్నారు. అన్న, తమ్ముడు చనిపోయిన పాతికేళ్ల పైచిలుకు తర్వాత ఆ వ్యాధికి మందు దొరికింది. అది దొరికింది సుబ్బారావు ప్రయోగశాలలోనే.

ఫోలిక్‌ ఆమ్లం ఉపయోగం అంతటితో ఆగలేదు. గర్భధారణ తొలి దశలో ఇది చాలినంత అందితే బిడ్డకు వెన్నెముక, మెదడు లోపాలు రాకుండా చాలావరకు నివారించవచ్చని 1991లో బ్రిటన్‌ వైద్యులు నిరూపించారు. ఉప ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే మాత్రల్లో ఇనుముతోపాటు ఉండేది ఇదే.

తాళంలో ఇరుక్కున్న చెవి

ఫోలిక్‌ ఆమ్లం లేనిదే కణం విభజన చెందలేదు. క్యాన్సర్‌ కణాలు అతివేగంగా విభజన చెందుతాయి గనుక వాటికి ఆ అవసరం మరీ ఎక్కువ. ఈ రహస్యం ఒక విషాదం ద్వారా బయటపడింది. బోస్టన్‌ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్‌ అనే వైద్యుడు లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్‌ ఆమ్ల సంబంధిత పదార్థాలను క్యాన్సర్‌ రోగులకు ఇచ్చి పరీక్షిస్తున్నారు. రక్త క్యాన్సర్‌ ఉన్న పిల్లల్లో వాటి వల్ల వ్యాధి తగ్గకపోగా, మరింత వేగం పుంజుకున్నట్లు కనిపించింది. ఫోలిక్‌ ఆమ్లం క్యాన్సర్‌ను పెంచుతున్నట్లయితే, దానిని అడ్డగించే పదార్థం క్యాన్సర్‌ను అణచగలగాలి. ఫార్బర్‌ ఆ దిశగా ఆలోచించారు. అటువంటి పదార్థాలను తయారుచేసి ఇచ్చే సామర్థ్యం సుబ్బారావు బృందానికి ఉంది.

ఫోలిక్‌ ఆమ్లం అణువులో స్వల్పమైన మార్పు చేస్తే చాలు, చూడడానికి అలాగే ఉండి పనికి అడ్డం పడే పదార్థం తయారవుతుంది. అచ్చం అసలుదానిలాగే ఉన్న తాళంచెవి తాళంలోకి దూరుతుంది గానీ తిరగదు, బయటికీ రాదు. అసలు చెవికి చోటు లేకుండా పోతుంది. కణంలోని ఎంజైముకు సరిగ్గా అదే గతి పడుతుంది. లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు 1947లో తయారుచేసిన అటువంటి పదార్థమే అమినోప్టెరిన్‌. దానిని తయారుచేసిన వారిలో డోరిస్‌ సీగర్‌ అనే మహిళా శాస్త్రవేత్త ముఖ్యులు. దానికే మరికాస్త మార్పుతో వెలువడింది అమెథోప్టెరిన్‌. నేడు మెథోట్రెక్సేట్‌గా ప్రపంచమెరిగిన మందు అది.

1947 చివరలో ఫార్బర్‌ ఒక రెండేళ్ల బాలుడికి అమినోప్టెరిన్‌ ఇవ్వడం ఆరంభించారు. అప్పటికి పిల్లల్లో తీవ్ర రక్త క్యాన్సర్‌ అంటే కొన్ని వారాలు లేదా నెలల్లో మరణమే. చాలామంది వైద్యులు ఆ పిల్లలను ప్రయోగాలతో బాధపెట్టక ప్రశాంతంగా పోనివ్వాలని వాదించేవారు. ఫార్బర్‌ ఆ వాదాన్ని పెడచెవిన పెట్టారు. 1948 జూన్‌లో ఆయన ప్రచురించిన ఫలితాలు వైద్య లోకాన్ని కదిలించాయి. తీవ్రంగా జబ్బుపడిన 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది. ఉబ్బిన ప్లీహం తగ్గింది. రక్తం సాధారణ స్థితికి వచ్చింది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు. ఆ ఉపశమనం తాత్కాలికమే. కొన్ని నెలల్లో వ్యాధి తిరగబెట్టి వారిని కబళించింది. అయినా రసాయన మందుతో రక్త క్యాన్సర్‌ను వెనక్కు నెట్టవచ్చన్న సంగతి తొలిసారి రుజువైంది.

అదే సంవత్సరం మే నెలలో ఫార్బర్‌ వద్ద చికిత్స పొందుతున్న ఒక బాలుడిని రేడియో ద్వారా ప్రజలకు పరిచయం చేసి, జిమ్మీ ఫండ్‌ పేరుతో విరాళాలు సేకరించారు. క్యాన్సర్‌ అన్న మాటను పైకి అనడానికే జంకే కాలంలో, రోగి తరఫున సమాజాన్ని కదిలించిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. ఆ ప్రచారానికి ప్రాణం పోసింది మందుపై పుట్టిన ఆశ. మందు వెళ్లింది పెర్ల్‌ రివర్‌ నుంచి.

గోదావరి జిల్లాల పీడకు విరుగుడు

బోదకాలు ఎంత బాధాకరమో గోదావరి జిల్లాల ప్రజలకు చెప్పనవసరం లేదు. మురుగునీటిలో పెరిగే దోమ కాటుతో ఒంట్లో చేరే సన్నని పురుగులు రక్తంలో పిల్లలను విడుస్తాయి. ఏళ్లు గడిచేసరికి కాలు ఏనుగు పాదంలా మారిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌ దీవుల్లో పోరాడిన అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకడంతో ఆ దేశం మేల్కొంది. సుబ్బారావు ప్రయోగశాలలో ఎలుకలపై ఎన్నో పదార్థాలను వరుసగా పరీక్షించారు. ఆ శ్రమకు ఫలితంగా 1947లో డైఇథైల్‌ కార్బమజైన్‌ వెలువడింది. హెట్రజాన్‌ పేరుతో అది విపణిలోకి వచ్చింది. ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూడగా రక్తంలోని పురుగు పిల్లలు మాయమయ్యాయి.

ముదిరిపోయిన బోదకాలును ఈ మందు మామూలు స్థితికి తేలేదు. కానీ ఒకరి రక్తం నుంచి మరొకరికి వ్యాధి పాకకుండా అడ్డుకట్ట వేస్తుంది. అందుకే 2004 నుంచి మన దేశంలో వ్యాధి పీడిత జిల్లాల్లో ప్రజలందరికీ ఒకేసారి ఈ మాత్రలు మింగించే కార్యక్రమం సాగింది. డీఈసీ అనే మూడక్షరాల వెనుక ఉన్నది భీమవరం మనిషి పర్యవేక్షణలో జరిగిన పరిశోధన అన్న సంగతి మాత్ర మింగినవారిలో ఎందరికో తెలియదు.

ఆరియోమైసిన్‌ ఎవరిది?

సుబ్బారావు ఆరియోమైసిన్‌ను కనుగొన్నారని మన వేదికలపై తరచూ చెబుతుంటారు. దానిని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రాబట్టినవారు బెంజమిన్‌ డగ్గర్‌. విస్కాన్సిన్‌ విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన వృక్ష శాస్త్రవేత్త ఆయన. డెబ్బై దాటిన ఆ వృద్ధుడి అనుభవంపై నమ్మకం ఉంచి, పలు ప్రాంతాల మట్టి నమూనాలను జల్లెడ పట్టే పనిని సాగనిచ్చింది సుబ్బారావు నేతృత్వంలోని ప్రయోగశాల. మిస్సోరి రాష్ట్రంలోని ఒక పొలం మట్టిలో బంగారు వన్నె గల ఆ సూక్ష్మజీవి దొరికింది. 1948 జూలైలో ఆరియోమైసిన్‌ లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్‌ కుటుంబంలో అదే మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం అలముకున్నప్పుడు ప్రజలు మందుల దుకాణాల ముందు బారులు తీరింది ఈ కుటుంబపు మందుల కోసమే. ఆవిష్కర్తగా ఘనత డగ్గర్‌ది. సరైన మనిషిని ఎంచి, వయసు లెక్కచేయక, కావలసిన వసతులు సమకూర్చిన దార్శనికత సుబ్బారావుది. పరిశోధన సారథికి ఆ గుణం చిన్న విషయం కాదు.

అర్ధాంతరంగా ఆగిన ప్రయాణం

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. వయసు 53 ఏళ్లు. ఫార్బర్‌ ఫలితాలు అచ్చయి రెండు నెలలు, ఆరియోమైసిన్‌ ప్రకటన వెలువడి కొద్ది వారాలు మాత్రమే అయింది. 1946లో భారతీయులకు పౌరసత్వం పొందే వీలు కల్పిస్తూ అమెరికా చట్టం చేసినా ఆయన దానిని స్వీకరించలేదు. భారతీయుడిగానే కన్నుమూశారు.

మాతృదేశానికి తిరిగి రావడం మాత్రం ఆయనకు సాధ్యపడలేదు. మొదట చదువు, ఆపై పరిశోధన, ఆ తర్వాత యుద్ధం... ఒకదాని వెంట ఒకటి అడ్డుపడుతూ వచ్చాయి. ఆయన వెళ్లాక పుట్టిన మగబిడ్డ పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. చదువు ముగించుకుని వస్తాడని ఎదురుచూసిన శేషగిరికి పాతికేళ్లు గడిచాక మరణవార్త అందింది. ఎందరో తల్లులకు కడుపుకోత తప్పించిన ఆ జీవితానికి ఆమె చెల్లించిన మూల్యం ఏ శాస్త్ర గ్రంథంలోనూ లెక్కకు రాదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌ వరకు...

ఆయన మరణానంతరమే ఆయన ప్రయోగశాల మందుల అసలు శక్తి తెలిసింది. 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్‌ సంస్థలో మిన్‌ చియు లీ, రాయ్‌ హెర్ట్‌జ్‌ అనే వైద్యులు గర్భసంచిలోని మాయ కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా రోగులకు మెథోట్రెక్సేట్‌ ఇచ్చారు. ఊపిరితిత్తులకు పాకిన కణుతులు సైతం కరిగిపోయాయి. గడ్డ రూపంలోని క్యాన్సర్‌ను మందుతో పూర్తిగా నయం చేయడం అదే ప్రథమం. పిల్లల రక్త క్యాన్సర్‌లో ఒక్క మందుకు బదులు పలు మందులను కలిపి ఇచ్చే విధానం వచ్చాక పరిస్థితి తారుమారైంది. సంపన్న దేశాల్లో తీవ్ర లింఫోబ్లాస్టిక్‌ ల్యుకీమియా సోకిన పిల్లల్లో పదింట దాదాపు తొమ్మిది మంది బతికి బట్టకడుతున్నారు. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్‌కు నేటికీ స్థానముంది.

అదే మందు చిన్న మోతాదులో కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు దివ్యౌషధమైంది. కీళ్లవాతానికి దీనిని సాధారణంగా వారానికి ఒక్కసారే వాడతారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది గనుక వైద్యుడు రాసిన రోజును రోగి, ఇంటివారు తప్పక గుర్తుంచుకోవాలి.

ఫోలిక్‌ ఆమ్లాన్ని అడ్డగించే మందుల వంశం అక్కడితో ఆగలేదు. ప్రిన్‌స్టన్‌ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్‌ టేలర్‌ అనే రసాయన శాస్త్రవేత్త రూపొందించిన పెమెట్రెక్సెడ్‌ ఆ వంశంలోనిదే. 2004లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును ఒక తరహా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, ఆస్బెస్టాస్‌ ధూళి వల్ల ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే క్యాన్సర్‌కు వాడుతున్నారు. దుష్ఫలితాలను తగ్గించడానికి ఆ రోగులకు మందుతోపాటు ఫోలిక్‌ ఆమ్లం మాత్రలు కూడా ఇస్తారు. ఒకవైపు ఆయన బృందం తయారుచేసిన విటమిన్, మరోవైపు ఆ బృందం చూపిన దారిలో వచ్చిన క్యాన్సర్‌ మందు... రెండూ ఒకే రోగి మందుల చీటీలో చేరాయి. సుబ్బారావు పేరు మాత్రం ఆ చీటీలో ఎక్కడా కనిపించదు.

మిగిలిన ఆనవాళ్లు

నోబెల్‌ బహుమతి ఆయనకు రాలేదు. బృందంగా చేసిన పనికి తన పేరు ముందు పెట్టుకోవడం, పేటెంట్ల కోసం పాకులాడడం, విలేకరుల ముందుకు రావడం ఆయన స్వభావానికి విరుద్ధం. తోటి శాస్త్రవేత్తలు 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్‌ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది. ఎస్‌పీకే గుప్తా ఏళ్ల తరబడి పత్రాలు, లేఖలు గాలించి రాసిన ఆంగ్ల జీవితచరిత్ర 1987లో వెలువడింది. ఆయన గురించి మనకు తెలిసినదానిలో అధికభాగం ఆ గ్రంథం పుణ్యమే.

2022లో భీమవరం పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైంది. రొయ్యల చెరువులకు, మావుళ్లమ్మ జాతరకు, సంక్రాంతి సంబరాలకు పేరొందిన పట్టణమిది. ఏటా సంక్రాంతి కోలాహలం మొదలయ్యే వేళకే జనవరి 12న ఆయన జయంతి వస్తుంది. ఆ రోజు దండ వేసి దండం పెట్టడంతో సరిపెట్టకుండా, మెట్రిక్‌ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన కుర్రవాడు పసివాళ్ల ప్రాణాలు నిలిపే మందు వరకూ ఎలా చేరుకున్నాడో బడిపిల్లలకు ఒక్కసారి వివరంగా చెబితే చాలు. పదో తరగతి తప్పి ఇంటి మూల కూర్చున్న పిల్లవాడికి అంతకు మించిన ధైర్యం మరొకటి దొరకదు.